కదిలిన గుల్ల

తెనాలిలో ఆఫ్రీన్ తయారుచేసే పెన్నులు ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఇంటి వెనక రేకుల షెడ్డులో తండ్రి లాల్ అహమ్మద్ లేత్ మీద నల్లటి గట్టి రబ్బరు కడ్డీని తిప్పి పెన్ను ఆకారం తీస్తాడు. దానికి ఏ రంగు వెయ్యాలి, మూత మీద ఏం పొదగాలి అన్నది ఆఫ్రీన్ చూసుకుంటుంది. ఫైన్ ఆర్ట్స్ చదివి వచ్చాక ఆమె సముద్రపు గుల్లల్ని పల్చగా కోసి పెన్ను మూతల్లో పొదగడం మొదలుపెట్టింది. అవే గుల్లలతో జడపిన్నులు కూడా చేస్తుంది. వాటికి సన్నటి రాగితీగ చుట్టే పని రేపల్లెలో ఉండే ఫ్లోరెన్స్‌ది. ఇద్దరూ కాలేజీ రోజుల నుంచీ స్నేహితులు. ఒక ఏడాది చిన్నదని ఫ్లోరెన్స్ ఆమెను అక్కా అని పిలుస్తుంది.

గుల్లలు బాపట్ల దగ్గర సూర్యలంకలో దొరుకుతాయి. అక్కడ చేపలమ్మే ధనమ్మ, ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాటిని ఏరి ఆఫ్రీన్ కోసం దాచి ఉంచుతుంది. దసరా సెలవుల్లో ఒక సాయంత్రం ఆఫ్రీన్ వెళ్లినప్పుడు ధనమ్మ మామూలు గుల్లలతో పాటు ఇంకొకటి చేతిలో పెట్టింది. వేలెడంత పొడవు, కోసుగా ఉంది. బంగారు రంగు మీద గోధుమ రంగు గీతలు వల అల్లినట్టు ఉన్నాయి.

"మావాళ్ల వలలో పడిందమ్మాయ్. ఇట్టాంటిది నేనెప్పుడూ చూళ్లా. నీ పెన్నుకి బావుంటదని తీసిపెట్టా."

ఇంటికొచ్చాక ఆఫ్రీన్ గుల్లలన్నీ పళ్లెంలో పరిచి ఫోటో తీసింది. వెలుగు సరిపోక మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గర మళ్లీ తీసింది. అంతలో ఫ్లోరెన్స్ వచ్చింది. జడపిన్నుల కోసం ఆ గుల్లలన్నీ రేకు డబ్బాలో పోసుకుని, టీ తాగి, రేపల్లె రైలుకి వెళ్లిపోయింది.

జడపిన్ను కావాలన్న ఒకావిడకి పంపుదామని ఆఫ్రీన్ రెండు ఫోటోలూ తెరిచింది. సాయంత్రం ఫోటోలో వలగీతల గుల్ల పళ్లెం మధ్యలో ఉంది. పొద్దుటి ఫోటోలో అంచున ఉంది. రాత్రి పళ్లేన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఫోటోని పెద్దది చేసి చూసింది. మధ్య నుంచి అంచు దాకా సన్నటి తడిచార మెరుస్తోంది.

దాని పేరేంటో ఫోన్లో వెతికింది. దొరికింది. అది విషపు నత్త. ముట్టుకుంటే సూదిలాంటి పన్ను గుచ్చుతుంది. ఒళ్లు తిమ్మిరెక్కి, ఊపిరి ఆగిపోవచ్చు. విరుగుడు లేదు.

ఫ్లోరెన్స్ ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

"అబ్బా, బండి తియ్యి," అని షెడ్డులో ఉన్న తండ్రికి వినపడేలా అరిచింది ఆఫ్రీన్.

విషయం విన్నాక లాల్ అహమ్మద్ లేత్ ఆపేశాడు. వంటికంటిన నల్లపొడి దులుపుకోకుండానే స్కూటర్ తీశాడు. ఎప్పుడూ నెమ్మదిగా నడిపే మనిషి లారీల పక్కనుంచి దూరి పోతుంటే ఆఫ్రీన్‌కి భయం ఇంకా పెరిగింది. రేపల్లె ఊళ్లోకి వచ్చాక ఫోను మోగింది.

"ఏంటక్కా ఇన్నిసార్లు చేశావు? రైల్లో వినపళ్లేదు," అంది ఫ్లోరెన్స్.

"ఆ డబ్బా ముట్టుకోకు. అందులో ఒకటి బతికే ఉంది. అది కుడితే మనిషి చచ్చిపోతాడు. డబ్బా ఎక్కడుంది?"

"ఇంట్లో పెట్టి మార్కెట్‌కొచ్చా అక్కా. ఇంట్లో కెజియా ఉంది."

కెజియా ఫ్లోరెన్స్ కూతురు, రెండో తరగతి. గుల్ల కనపడితే చాలు, చెవి దగ్గర పెట్టుకుని సముద్రం వినపడుతోందంటుంది. ఇంట్లో ఇంకా ఉన్నది ఫ్లోరెన్స్ అత్తగారొక్కరే. ఆవిడ దగ్గర ఫోన్ లేదు.

"పరిగెత్తు," అంది ఆఫ్రీన్.

వీళ్లు ఇల్లు చేరేసరికి ఫ్లోరెన్స్ ఇంకా రాలేదు. వరండాలో డబ్బా బోర్లా పడి ఉంది. గుల్లలన్నీ చాప మీద ఉన్నాయి. వలగీతలది మాత్రం లేదు. ముసలావిడ బియ్యం ఏరుతోంది.

"పాప ఏదండీ?"

"పంపు కాడికెళ్లిందమ్మా. ఏదో గుల్లకి నీళ్లు పోస్తానని."

సందు చివర పంపు గట్టు మీద కెజియా గొంతుక్కూచుని ఉంది. ఎదురుగా స్టీలు పళ్లెం, అందులో తడిగుడ్డ, గుడ్డ మీద ఆ గుల్ల. సన్నటి కొస నుంచి ఎర్రటి మొనతో ఏదో బయటికొచ్చి ఇటూ అటూ ఊగుతోంది.

"ఆంటీ, దీనికి ముక్కుంది!" అంటూ కెజియా వేలు చాచింది.

ఆఫ్రీన్ అరవబోయి ఆగింది. అరిస్తే, లాక్కుంటారేమోనని పాప దాన్ని గుప్పిట్లో పట్టేసుకుంటుంది. ఉన్నచోటే నిలబడి తన జడలోని పిన్ను ఊడదీసింది.

"కెజియా, ఇది నీ జుట్టుకి బావుంటదా? దా, చూద్దాం."

"నాకేనా?"

"నీకే. రెండు చేతుల్తో పట్టుకోవాలి. లేచి రా."

"దాన్ని కూడా తెస్తా." చెయ్యి మళ్లీ పళ్లెం వైపు వెళ్లింది.

"వద్దమ్మా, అది నిద్రపోతోంది."

"ముక్కు ఊపుతోందిగా!"

"నిద్రలో ఊపుద్ది. నువ్వు రా."

కెజియా ఒకసారి గుల్లని చూసింది, ఒకసారి పిన్నుని చూసింది. లేచి వచ్చింది. ఆఫ్రీన్ ఆమె మణికట్లు పట్టుకుని వెనక్కి లాగింది. లాల్ అహమ్మద్ పళ్లెం మీద బకెట్ బోర్లించి దాని మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

ఆఫ్రీన్ ఒక్కో వేలూ తిప్పి చూసింది. కుడిచేతి బొటనవేలి మీద ఎర్రటి చుక్క.

"ఇదేంటి? అది గుచ్చిందా?"

"ఊహూ. పెన్సిలు గుచ్చుకుంది." ఆమె మొహం చూసి కెజియా తడబడింది. "ఏమో ఆంటీ."

అప్పుడే ఫ్లోరెన్స్ రొప్పుకుంటూ వచ్చింది. ఆ మాట విని, కూతుర్ని ఎత్తుకుని ఆటో కోసం రోడ్డు మీదకి పరిగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరు ఫోటో చూసి, వేలు చూసి, వాపు లేదు కానీ సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి అన్నాడు. మాటిమాటికీ నర్సు వచ్చి పాప కళ్లల్లో లైటు వేసి, నా వేలు గట్టిగా పట్టుకో అనేది. పట్టు ఏమాత్రం సడలినట్టనిపించినా ఇద్దరు ఆడవాళ్లూ మంచం మీదికి వంగేవాళ్లు. "మూతి తిమ్మిరిగా ఉందా?" అని అడిగితే, "తిమ్మిరంటే ఏంటి?" అంది కెజియా.

ఫ్లోరెన్స్ ఆఫ్రీన్‌కి దూరంగా, మంచం అవతల కూచుంది. ఆమె వైపు చూడను కూడా లేదు.

లాల్ అహమ్మద్ ఆ నత్తని మూతున్న బకెట్లో నిజాంపట్నం తీసుకెళ్లి, పడవలవాళ్లకి చూపించి జాగ్రత్త చెప్పి, నీళ్లలో వదిలేసి వచ్చాడు. చంపడానికి చేతులు రాలేదన్నాడు.

పొద్దు వాలాక డాక్టరు మరోసారి చూసి, "ఏం కాలేదమ్మా, పెన్సిలే అయ్యుంటుంది, తీసుకెళ్లండి," అన్నాడు. ఫ్లోరెన్స్ గోడకి ఆనుకుని కింద కూచుంది. ఆఫ్రీన్ పక్కన కూచుంది.

"ఫ్లోరెన్స్, నేను..."

"ఇప్పుడొద్దక్కా," అంది ఫ్లోరెన్స్. అంటూనే ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆటోలో కెజియా ఇద్దరి మధ్యా ఒరిగి నిద్రపోయింది. ఇద్దరూ ఆ చిన్న ఛాతీనే చూస్తూ కూచున్నారు. రోడ్డు మీద ఒక గతుకు దగ్గర అది కదలనట్టు అనిపించింది. ఫ్లోరెన్స్ భుజం పట్టి కుదిపింది.

"కెజియా! కెజియా!"

"అబ్బ, పడుకోనీ అమ్మా," అంది కెజియా కళ్లు తెరవకుండానే.

ఇల్లొచ్చేలోపు వాళ్లు ఆమెను ఇంకా రెండుమూడుసార్లు లేపారు.