ఉప్పు మూట కాపడం

మా ఆయన ధర్మ చేసే పనుల్లో తొంభై పాళ్ళు బాగానే ఉంటాయి. మిగిలిన పది పాళ్ళకే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు సాయంత్రం పెదబయలు దాటాక కారు అడుగుకు రాయి తగిలి ఆయిల్ కారడం మొదలైంది. టూరిస్టులను తిప్పే ఆ పాత కారే మాకు ఆధారం. కానీ నా కంగారు దాని గురించి కాదు. తెల్లారితే మా అత్త అప్పలనర్సమ్మకు పాడేరులో కంటి ఆపరేషన్. పదకొండింటికల్లా అక్కడుండాలి. మొదటిసారి బీపీ ఎక్కువుందని పంపేశారు. రెండోసారి ఆవిడే భయపడి కాఫీ తోటలో దాక్కుంది. నెల రోజులు బతిమాలితే, "ఈ ఒక్కపాలికే వత్తాను. మళ్ళీ అడగొద్దు" అంది. మాట మీద నిలబడే మనిషి. ఇది తప్పితే ఇక ఆవిడ చీకట్లోనే ఉండిపోతుంది.

ఎలాగో ఇల్లు చేరాక ధర్మ కారు ముందు చక్రాలను బండరాళ్ళ మీదికెక్కించి, వెనక చక్రాలకు అడ్డుపెట్టి కిందికి దూరాడు. ఇంజను అడుగున ఆయిల్ నిలవుండే తొట్టికి ఒక మూల వెంట్రుకంత బీట. బోల్టు విప్పి ఆయిలంతా టబ్బులోకి వదిలాడు. గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, కలిపితే గట్టిపడే రెండు రకాల లప్పం ముద్దలు పిసికి బీట మీద అద్దాడు. పొద్దుటికి రాయైపోద్దని చెప్పి హాయిగా పడుకున్నాడు.

పొద్దున్న ఆరింటికి వేలు పెట్టి చూస్తే రొట్టెల పిండిలా దిగబడింది. మాఘమాసం. మా కొండల్లో ఆ చలికి సీసాలో కొబ్బరినూనె ఎండ తగిలితే గానీ కరగదు. ఆరుబయట లప్పం ఎలా గట్టిపడుతుందనుకున్నాడో!

"ఈ కొండల్లోనే పుట్టినోడివి, సలి సంగతి తెల్దా నీకు? ఇప్పుడేటి సేత్తావు?"

"ఆటో సూత్తానుండు."

"ఇయ్యాల సంత. ఆటోలన్నీ ఎప్పుడో ఎల్లిపోనాయి."

"పోనీ, కింద మంటేత్తే?"

"పెట్రోలుతో తుడిసి మంటేత్తావా? కారుతో పాటు మనమూ పోతాం!"

నా కేకలకు అత్త గోడ పట్టుకుని బయటికొచ్చింది. "ఏటే గుంటా, పొద్దున్నే ఆడి మీద పడ్డావు?"

సంగతి చెప్పాం.

"ఏడి తగిల్తే గట్టిపడతాదా?"

"పడతాదే అమ్మా. మంట ఎట్టకూడదు గానీ."

"మంటెందుకురా? ఉప్పు మూటతో కాపడం ఎట్టు."

మా అత్త మంత్రసాని. ఊళ్ళో సగం మందిని ఆవిడ చేతులే భూమ్మీదికి దించాయి. చలికాలంలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను ఉప్పు మూటల వెచ్చదనంతోనే నిలబెట్టిందని చెబుతారు. కాపడం సంగతిలో ఆవిడ మాటకు ఎదురు లేదు.

వంటింట్లో పెనం మీద ఉప్పు వేయించి పాత చీర ముక్కల్లో మూటలు కట్టాను. బయటికి తెచ్చి చూస్తే ఆవిడ అప్పటికే గోనె పరుచుకుని కారు పక్కన ఒరిగి, చెయ్యి అడుగుకు చాపి ఉంది.

"కంటి ఆపరేషన్ ఎట్టుకుని కారు కింద దూరతావా అత్తా? ఆడు సేత్తాడు, లే!"

"ఇక్కడ సూసే పనేటుందే? సేతికి తెలుత్తాది. మూట ఇలాగియ్యి."

ప్రతి మూటనూ ముందు తన చెంపకు ఆనించుకునేది. వేడెక్కువైతే ఊదేది. తర్వాత బీట మీద పెట్టి, పసిబిడ్డ పొట్టను అదిమినట్టు మెల్లగా అదిమేది. రెండు గంటలు పైగా నేను పొయ్యికీ కారుకీ మధ్య పరుగులు పెట్టాను. మధ్యమధ్య గోరుతో నొక్కి చూసేది. "మెత్తగుంది." "ఇంకా మెత్తే." ఎనిమిదిన్నర దాటాక, "సాలు. గోరు దిగట్లేదు" అంది.

ధర్మ బోల్టు బిగించి కొత్త ఆయిల్ పోసి ఇంజను ఆన్ చేశాడు. కింద పాత పేపరు పరిచి పావుగంట చూశాం. ఒక్క చుక్క పడలేదు. దారంతా అత్త నా చెయ్యి వదల్లేదు. పది నిమిషాలు ముందే చేరాం. ఆయిల్ మరకలు పోయేదాకా నర్సు ఆవిడ చేతులు మూడుసార్లు కడిగించింది.

మర్నాడు కుడికంటి కట్టు విప్పారు. అత్త నా వైపు చూస్తూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. భయమేస్తే నాకు అరవడమే వచ్చు.

"ఏటత్తా, కనబడతందా లేదా? బేగి సెప్పు!"

ఆవిడ చెయ్యి చాపి నా గడ్డం పట్టుకుంది.

"ఇంత సిన్న గుంటవా నువ్వు? నీ కేకలకి ఎంత మనిసివో అనుకున్నానే. ఏటిలా సిక్కిపోయున్నావు? తింటన్నావా?"

మాకు పెళ్ళై మూడేళ్ళు. నేను కాపురానికొచ్చేనాటికే ఆవిడ కళ్ళకు పొరలు కమ్మేశాయి. ఇన్నాళ్ళూ నేను అరిచింది నా మొహమే ఎరగని మనిషి మీద. ఆ సంగతి నాకు ఒక్కనాడూ తట్టలేదు. సిగ్గుతో ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేశాను.

నర్సు పరుగున వచ్చింది. "ఏడవకూడదమ్మా, కంటికి మంచిది కాదు!"

ఏడుస్తున్నది నేను కదా అనబోయి తలెత్తాను. ఆవిడా ఏడుస్తోంది.