మంచం కింది పైపు

మంచం కింద సగం దూరాక వెల్డింగ్ మేస్త్రికి నడుము పట్టేసింది. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. కుడిచెయ్యి మాత్రం ఏడడుగుల చదరపు ఇనప పైపును పట్టుకుని ఉంది. ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. భార్య గుమ్మంలోకి వచ్చి, మంచం బయట మిగిలిపోయిన రెండు కాళ్ళనీ కాసేపు తీరిగ్గా చూసింది.

"మొత్తానికి వచ్చిందా పైపు?" అంది.

"వచ్చింది," అన్నాడాయన మంచం కిందనుంచి.

కొట్టువాడు ఆ పైపు దింపి వెళ్ళి నాలుగు నెలలైంది.

అది పడవ కోసం తెప్పించిన పైపు. పడవ పక్క వీధి డ్రైవరుగారిది. ముప్పై అయిదేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయాక ఒంటరిగా ఉండలేక, సరస్సు ఒడ్డున ఇల్లున్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయి చేపలు పట్టుకుంటూ కాలక్షేపం చేద్దామనుకున్నాడు. పాత పడవ ఒకటి కొన్నాడు. ఇటుకలూ ఎరువూ మోసుకునే చిన్న ట్రెయిలర్ ఆయనకు ముందే ఉంది. దాని పొడుగు ఆరడుగులు, పడవ పొడుగు పన్నెండు. ఏదో ఒకటి చేసి దీని మీద దాన్ని ఎక్కించమని రెండింటినీ తెచ్చి మేస్త్రి షెడ్డులో పెట్టాడు. తలుచుకుంటే రెండు రోజుల పని.

మేస్త్రి తలుచుకోవడమే అరుదు. ఆ చుట్టుపక్కల సగం ఇళ్ళ గేట్లు ఆయన చేసినవి. మిగతా సగం, ఆయన చేస్తాడని చూసి చూసి విసిగి వేరేవాళ్ళ చేత చేయించుకున్నవి. అతుకు వేశాడంటే మాత్రం ఇల్లు కూలినా గేటు కూలదు. ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డుకు మనుషులు వచ్చేవారు, నిలబడేవారు, అరిచేవారు, పోయేవారు. కూర్చోడానికని వచ్చినవాడు డ్రైవరుగారొక్కడే.

మొదటిరోజు పని ఎంతవరకూ వచ్చిందో చూద్దామని వచ్చాడు. రంగుడబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు. ఏ మలుపులో ఏ ప్రయాణికుడికి వాంతి అయ్యేదో, బస్సు ఆగకముందే దిగేవాళ్ళు ఎన్ని రకాలో చెప్పుకొచ్చాడు. మేస్త్రి పెద్ద మాటకారి కాదు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని వినేవాడు. మర్నాడు పదింటికి డ్రైవరుగారు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పైపు రాలేదని మేస్త్రి చెప్పాడు. తర్వాత కరెంటు సరిగా లేదన్నాడు, భుజం నొప్పన్నాడు, వెల్డింగ్ పుల్లలు చెమ్మగిల్లాయన్నాడు. ఒకరోజు ఏ సాకూ తోచక, ట్రెయిలర్‌లో పిల్లి పడుకుంది లేపడం ఎందుకన్నాడు. డ్రైవరుగారు అన్నిటికీ తలూపాడు.

కానీ నిన్న సాయంత్రం ఆయన వచ్చి, తన ఇంట్లోకి అద్దెకు దిగేవాళ్ళు రేపు పొద్దున్నే సామానుతో వస్తున్నారని నెమ్మదిగా చెప్పాడు. ఆ 'రేపు' ఈ రోజు.

అందుకే మేస్త్రి మంచం కిందినుంచి బయటపడగానే పనిలోకి దిగాడు. అద్దెవాళ్ళకు తాళాలిచ్చి పదింటికల్లా డ్రైవరుగారు వచ్చేసరికి ట్రెయిలర్ పక్క రేకులు ఊడిపోయి ఉన్నాయి. కారుకు తగిలించే ముందువైపు కమ్మీ, పైపు అతికాక మూడడుగులు సాగింది. పడవ అడుగుకి దెబ్బ తగలకుండా రెండు పొడుగాటి చెక్కలు బిగించాడు. వాటికి మెత్తగా ఏదైనా చుట్టాలి. మేస్త్రి లోపలికి వెళ్ళి, సోఫా కింది తివాచీ చుట్టి చంకన పెట్టుకుని వచ్చాడు. భార్య కత్తెరతో ఎదురొచ్చింది. తివాచీని కాపాడుకోడానికి కాబోలనుకున్నాడు. ఆమె దాన్ని నిట్టనిలువునా కత్తిరించి ఇచ్చింది.

"అన్నయ్యగారి పడవకేగా," అంది.

ముందు నిలబెట్టిన కమ్మీకి గిలక బిగించి, తాడు చుట్టి తిప్పితే, పడవ మూలుగుతూ తివాచీ మీదికెక్కి కూర్చుంది. డ్రైవరుగారికి ఆనందం పట్టలేదు. చెప్పులు విడిచి పడవెక్కాడు. ముందు నుంచుని చూశాడు, మధ్యలో నుంచుని చూశాడు, వెనక బల్ల మీద కూర్చుని చూశాడు. ట్రెయిలర్‌ని అప్పటికింకా కారుకు తగిలించలేదు. కారుకు తగిలించే కమ్మీ గాల్లోకి లేచింది. పడవ ముక్కు షెడ్డు కప్పును తాకింది. డ్రైవరుగారు వెల్లకిలా పడి, బల్లను రెండు చేతులా పట్టుకుని కిందినుంచి అడిగాడు.

"నీళ్ళల్లో కూడా ఇలాగే ఉంటుందా మేస్త్రీ?"

ఆయన్ని దింపడానికి భార్యాభర్తలిద్దరూ పట్టాల్సి వచ్చింది. బరువంతా వెనక్కి పడిందని మేస్త్రికి అర్థమైంది. గిలక కమ్మీని కోసి, అడుగున్నర ముందుకు జరిపి మళ్ళీ అతికి, పడవనీ అంతే ముందుకు లాగాడు. ఈసారి కారుకు తగిలించే కమ్మీ ఒక చేత్తో లేవలేదు, రెండు చేతులతో లేచింది. అంత ఉంటే చాలు.

బయటికి తియ్యడం ఇంకో ప్రహసనం. ముప్పై అయిదేళ్ళు బస్సును సందుల్లో తిప్పిన మనిషి, కారుకు వెనక తగిలిన ఆ బుడ్డ ట్రెయిలర్‌ని వెనక్కి నడపలేకపోయాడు. స్టీరింగు ఎడమకు తిప్పితే అది కుడికి పోయేది. రెండు సార్లు గోడ మీదికి, ఒకసారి ఎదురింటి గేటు మీదికి పోయింది. గేటు మేస్త్రి చేసినదే కాబట్టి గేటుకేమీ కాలేదు, ట్రెయిలర్ దీపం పగిలింది. మేస్త్రి కొత్తది బిగించాడు. కావాలనుకుంటే ఇంకొంచెం తొందరగా బిగించేవాడే.

ఎండ తగ్గుతుండగా అన్నీ అయిపోయాయి. చూడాల్సిన నట్టు ఒక్కటీ మిగల్లేదు. అయినా మేస్త్రి చక్రాల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. డ్రైవరుగారు ఇంజను స్టార్ట్ చేసి, అద్దం దించాడు.

"ఆ పైపు మీ మంచం కింద ఉందని నాకు రెండో వారంలోనే తెలుసు. మీ ఆవిడ చెప్పింది."

మేస్త్రి కారు తలుపు మీది మసిమరక చేత్తో తుడవబోయి ఇంకాస్త మసి చేశాడు.

"మరి అడగలేదేం అన్నా?"

"అడిగితే చేసేసేవాడివిగా."

కారు కదిలింది. వీధి చివర మలుపులో కారు కనపడకుండా పోయింది, తర్వాత పడవ కూడా కనపడకుండా పోయింది. చివరికి కొత్త దీపం ఒకసారి ఎర్రగా వెలిగి ఆరింది.

మేస్త్రి షెడ్డులోకి వచ్చి తుడవడం మొదలుపెట్టాడు. గ్యాసు సిలిండర్ల వెనక చీపురుకు ఏదో అడ్డం తగిలింది. బయటికి లాగితే, పడవ తెడ్లలో ఒకటి. భార్యను పిలిచాడు. ఆమె చూసి, ఒక్క తెడ్డుతో డ్రైవరుగారు అక్కడ సరస్సులో గుండ్రంగా తిరుగుతుంటాడని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, అటువైపు బస్సు ఎన్నింటికో కనుక్కోమంది. మేస్త్రి సరేనన్నాడు. తెడ్డును జాగ్రత్తగా గోడకు ఆనించాడు. అది ఆయనకంటే మూరెడు పొడుగుంది. పిడి దగ్గర ఎవరెవరి చేతులో పడి నున్నగా నల్లబడింది. నీళ్ళు తగిలి ఎన్నాళ్ళయిందో, అడుగున నీలంరంగు పొరలు పొరలుగా లేచి ఉంది.