పెట్టె మీద రాసిన వేగం

కుక్కర్ రెండో విజిల్ వేసేసరికి కొత్త ఎస్‌ఎస్‌డిలోకి గేము సగం కాపీ అయింది. మొదట్లో పరుగెత్తింది. తర్వాత పాత హార్డ్ డిస్కు కంటే అధ్వాన్నంగా కుంటింది. చౌక డ్రైవుల్లో డేటాను వేగంగా రాసుకునే జాగా కొంచెమే ఉంటుంది, అది నిండితే అంతే. అన్నం దించి, ఆ సంగతి నోటుబుక్కులో రాసుకున్నాను. నంద్యాలలో మా కంప్యూటర్ అంగడి ముందు, వంటిల్లు వెనక, మధ్యలో పరదా. ఆరేళ్లుగా ప్రతి డ్రైవునూ పరీక్షించేది నేను. "మురళీధర్ చెప్పినాడంటే తిరుగుండదప్పా" అని పేరొచ్చింది మాత్రం మా ఆయనకు. పరదా వెనక నుంచి నేను మెల్లగా చెప్తాను, అదే మాట ఆయన గట్టిగా చెప్తాడు. "నువ్వు బయటికొచ్చి మాట్లాడితే నాకు విలువేముంటాదే?" అన్నాడు పెళ్లయిన కొత్తలో. కంప్యూటర్ డిప్లొమా చేసింది నేను. మా అత్త వాసవాంబ లెక్కలో అది కూడా పెళ్లిచూపుల కోసం నేర్చుకున్న పాటలాంటిదే. "అంగడి మగోళ్లది, అన్నం మనది" అంటుంది.

ఆ పొద్దు ఆళ్లగడ్డ నుంచి సుకన్య వచ్చింది. అక్కడ గేమింగ్ సెంటరు నడుపుతుంది. పోయినేడు మా దగ్గర కొన్న డ్రైవుల్లో మూడు చచ్చిపోయినాయని బల్ల మీద పెట్టింది.

"ఆట మధ్యలో ఆగిపోతాండాయన్నా. వచ్చేటోళ్లంతా పక్క సెంటరుకు పోతాండారు."

ఆ రకం తెప్పించొద్దని అప్పుడే చెప్పాను. "నువ్వు కూర చూసుకో పో" అన్నాడాయన.

ఇప్పుడు ఆయన ఇంకో డబ్బా తీశాడు. పొద్దున నేను పరీక్షించిన రకమే.

"దీని పెట్టె మీద వేగం చూడు మేడం, పాతవాటికి రెండింతలు!"

"వేగం సరే. నిండినాక ఎట్లుంటాది? ఎన్నాళ్లుంటాది?"

ఆయన పరదా వైపు చూసి, మాట అందించమన్నట్టు దగ్గాడు. నేను పొయ్యి ఆపాను. ఇంకోసారి దగ్గాడు. చెయ్యి తుడుచుకుని బయటికొచ్చి, అరలోంచి వేరే రకం డబ్బా తీశాను.

"అది వద్దు సుకన్యా. ఆ రెండింతల వేగంతో గేము తెరుచుకునేటప్పుడు రెండు మూడు సెకండ్లు కలిసొస్తాయి, అంతే. ఆడేటప్పుడు తేడానే తెలీదు. నీకు కావాల్సింది తట్టుకునేది. ఇది కొంచెం ప్రియం, కానీ ఐదేళ్ల వారంటీ. ఇది కూడా నిండా నింపొద్దు, కొంత జాగా వదిలిపెట్టు."

మా ఆయన మొహం ఎర్రబడింది. "లోపలికి పో. నీకేం తెలుసు?"

"అయితే ఈ మూడూ ఎందుకు చచ్చినాయో మీరు చెప్పండి."

ఆయన చేతిలోని డబ్బాను బల్ల కింద పెట్టాడు.

"ఇన్నాళ్లూ పరీక్ష చేస్తాండేది నువ్వేనా అక్కా?" అంది సుకన్య.

"నేనే. నా పేరు హిమబిందు."

ఆ అంగడిలో నా పేరు నేను పలకడం అదే మొదటిసారి.

"అట్లయితే నువ్వే వచ్చి బిగించు."

"ఈ పొద్దే వస్తా, పద. చెడినవాటికి బదులు మంచివే ఇస్తాం."

మా ఆయన నోరు తెరిచేలోపే అత్త పరదా తోసుకుని వచ్చింది. "రాత్రికి వంట ఎవురు చేస్తారే?"

"ఆకలైనోళ్లు," అని స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకున్నాను.