మూడో కుటుంబం ఊడ్చిన మెట్లు

మా ఆయన ఎక్కార్ట్ గురించి ఫిర్యాదు చేయాలంటే మేజోళ్లతో మొదలుపెట్టాలి. మనుషులు నలుగురిలో ఎలా మసలుకుంటారో పరిశోధించడం ఆయన వృత్తి. సామాజిక మనస్తత్వశాస్త్రంలో ప్రొఫెసరు. అంతటివాడు కింది అంతస్తులోని ఎనభై రెండేళ్ల ఫ్రౌ ఫ్లైడరర్ కంటబడకుండా, బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్లతో మెట్లు దిగుతాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే తంతు. చిల్లులు కుట్టేది నేను.

ఆయనది ఉత్తరాన కీల్ పట్నం. నేను దక్షిణాన ఈ స్వాబియా దాన్నే. మా ఊళ్లో మెట్లు ఊడ్చే వంతు వారానికొకరిది, శనివారంలోగా ఊడ్చేయాలి. ఎవరి వంతైతే వాళ్ల తలుపు పిడికి పలక వేలాడుతుంది. పెళ్లయిన కొత్తలో ఆ పలక చూసి ఎక్కార్ట్ కళ్లు మెరిశాయి. చీపురు పడతాడేమో అనుకున్నాను. సిద్ధాంతం పట్టాడు.

1985లో పదకొండు భవనాల మెట్ల మీద శుక్రవారం పూట నీలం కాగితం ముక్కలు చల్లి, శనివారం సాయంత్రం వెళ్లి ఎన్ని మిగిలాయో చూసేవాడు. మామూలు వారాల్లో ఒక్కటీ ఉండేది కాదు. ఇరుగుపొరుగు సెలవులకు వెళ్లిన ఆగస్టులో మాత్రం చాలాచోట్ల అన్నీ అలాగే ఉన్నాయి. ఇంకేం, చూసే కళ్లు లేకపోతే చీపురు కదలదని పుస్తకం రాసేశాడు. వంతు ఎవరిదో గోడ మీది జాబితా చూసి రాసుకున్నాడు. మా భవనంలో ఆ వారం "మూడో కుటుంబం" ఊడవలేదట. పేరు రాయకుండా మర్యాద పాటించాడు పాపం. ఉన్నవే నాలుగు కుటుంబాలు. వారం తిరక్కుండా రొట్టెల దుకాణం దాకా పాకింది, ఫ్రౌ ఫ్లైడరర్ ఎవరూ చూడకపోతే ఊడవదని. మా ఊళ్లో దొంగ అన్నా ఇంతకంటే నయం. ఆమె ఆయనకు నమస్కారం మానేసింది.

ఆ పుస్తకంతోనే ఆయనకు ప్రొఫెసరు పదవి వచ్చింది. దాని మీద ఇంకో మూడు పుస్తకాలు, తొమ్మిదిమంది శిష్యుల డాక్టరేట్లు లేచాయి.

ఆరేళ్ల తర్వాత పై అంతస్తు ఫ్రౌ కీన్స్లె ఏదో మాటల్లో అసలు సంగతి చెప్పింది. ఆ ఆగస్టు వారం కీన్స్లె వాళ్లదట. జూలైలో వాళ్ల వంతు ఫ్లైడరర్ ఊడ్చిందట. బదులుగా ఆమె ఆగస్టు వంతు కీన్స్లె వాళ్లు తీసుకుని, ఇటలీ నుంచి వచ్చాక సోమవారం ఊడ్చారట. సెలవుల్లో ఇలా మార్చుకోవడం మాకు మామూలే. గోడ మీది జాబితాను ఎవరూ దిద్దరు.

ఆయనకు చెప్పాను.

"మనుషులు అబద్ధాలు చెబుతారు రెనాటే. జాబితా చెప్పదు," అన్నాడు.

"పోనీ ఇల్లు మారిపోదాం."

"మారితే తప్పు ఒప్పుకున్నట్టు!"

అలా ఉండిపోయాం. ఆయన తన పుస్తకంలో, నేను ఆ మేజోళ్లలో.

ఈ వసంతంలో ఆయన పదవీ విరమణ. వీడ్కోలు ఉపన్యాసం శుక్రవారం. మంగళవారంనాడు పాత శిష్యురాలు యుట్టా ఒక పెట్టెడు కాగితాలు మోసుకొచ్చింది. ఆ పదకొండు భవనాల్లో మిగిలినవాళ్లందరినీ వెతికి అడిగిందట.

"ఏడు చోట్ల వారాలు మార్చుకున్నారు ప్రొఫెసరు గారూ. ఎవరూ చూడకపోయినా అందరూ ఊడ్చారు. శుక్రవారం మీరే చెప్పండి. లేకపోతే నేను అచ్చు వేయాల్సొస్తుంది."

ఆయన మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. పట్టుకెళ్లిన సూప్ పట్టుకెళ్లినట్టే వెనక్కి వచ్చింది. శుక్రవారం పొద్దున తనే బయటికొచ్చాడు.

"చెబితే నలభై ఏళ్ల బతుకు పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల చెబుతుంది. ఎటు వెళ్లను?"

"ముందు మెట్ల మీదికి వెళ్లు," అని చీపురు చేతికిచ్చాను. "పలక మన తలుపుకే ఉంది. నాకు నడుము పట్టేసింది."

నా నడుము భేషుగ్గా ఉంది.

మేజోళ్ల నడకలా చీపురు గుట్టు దాచదు. నాలుగు మెట్లు ఊడ్చేసరికి కింద తలుపు తెరుచుకుంది. నేను పైనుంచి చెవి ఒగ్గాను.

"ఓహో! ప్రొఫెసరు గారే! ఎవరు చూస్తున్నారని ఊడుస్తున్నారు?"

"ఎవరూ... లేరనుకున్నాను."

"అయితే మీ పుస్తకం ప్రకారం మీరు ఊడవకూడదే! మూల వదిలేశారు, అదిగో."

చీపురు ఆగింది. పైకి వస్తాడేమో అనుకున్నాను. రాలేదు. కిందికీ దిగలేదు.

"ఆ ఆగస్టు వారం మీది కాదు కదా, ఫ్రౌ ఫ్లైడరర్?"

"ముప్పై ఎనిమిదేళ్లకు అడిగారు. సంతోషం. మీరు నన్ను తిట్టింది ఊరందరి ముందు. ఇప్పుడు మెట్ల మీద గొణిగితే ఎవరికి వినిపిస్తుంది?"

తలుపు మూసుకుంది. ఆయన ఆ మూల కూడా ఊడ్చి వచ్చాడు. ఉపన్యాసం రాసుకున్న కాగితాలు బల్ల మీదే వదిలేసి, బూట్లు తొడుక్కునే మెట్లు దిగాడు. ఫ్రౌ ఫ్లైడరర్ తలుపు దగ్గర ఆగి బెల్లు కొట్టాడు.

మధ్యాహ్నం విశ్వవిద్యాలయం హాలంతా నిండిపోయింది. ముందు వరసలో నా పక్కన ఫ్రౌ ఫ్లైడరర్, ఆదివారం టోపీ పెట్టుకుని కూర్చుంది. అందరూ ఇక్కడి ఆచారం ప్రకారం పిడికిళ్లతో బల్లలు తట్టి ఆయనకు స్వాగతం చెప్పారు. ఆమె మాత్రం చేతులు సంచి మీంచి తీయలేదు.

చప్పుడు ఆగేదాకా ఎక్కార్ట్ నిలబడ్డాడు.

"మూడో కుటుంబం ఇక్కడే కూర్చుంది. పేరు ఫ్రౌ ఫ్లైడరర్. ఆమె తన వంతు ఊడ్చారు. నేనే అడగలేదు. తర్వాత తెలిసినా దిద్దలేదు. నా మొదటి పుస్తకం తప్పు. తప్పు నాది."