మూడు చుక్కల పళ్లాలు

ఏసమ్మ ఇంట్లోని పింగాణీ పళ్లాలు దొరల బంగళా నుంచి ఎత్తుకొచ్చినవేనని ఆదెమ్మ అన్నదట. ఆ మాట ఆళ్లగడ్డ చర్చి వీధిలో నాలుగిండ్లు తిరిగి, పాలు పోయించుకునే కాడ సరస్వతి నోటి మీదుగా ఏసమ్మ చెవిన పడింది. ఆదెమ్మ పక్కింటి మనిషే. గోడ అవతలి మాట ఇవతలికి రావడానికి వీధంతా చుట్టింది.

ఏసమ్మకు కోపం రాలేదు. మోకాళ్ల నొప్పులతో కోపానికి ఓపిక చాలదు. కానీ అత్త రాహేలమ్మ మట్టిలో కలిసిన ఇన్నేండ్లకు దొంగ అనిపించుకోవడం మనసుకు పట్టలేదు. రాహేలమ్మ నంద్యాల మిషను బంగళాలో వంట చేసింది. తన పెండ్లికని ఈ పళ్లాలను దొరసాని మద్రాసు అంగడికి రాసి వేరుగా తెప్పించి ఇచ్చిందని బతికినన్నాళ్లూ చెప్పుకుంది.

ఏసమ్మ రెండు పళ్లాలు పాత చీరలో చుట్టి నంద్యాల బస్సెక్కింది. సీటు దొరకలేదు. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా సంచిని కడుపుకు అదుముకుని నిలబడే పోయింది.

బంగళాలో పాత సామాను చూసుకునేది ఎలీషా, రిటైరైన టీచరు. ఆయన సంగతంతా విని బీరువాలోంచి బంగళా పళ్లెం ఒకటి తీసి బోర్లించాడు. అడుగున రెండు గుర్తులు. నీలం కిరీటం పళ్లెం చేసినవాళ్ల గుర్తు. అది మెరుగుపూత కింద ఉంటుంది, ఎంత తోమినా పోదు. దాని కింద సన్న అక్షరాలు ఇంగ్లండు నుంచి తెప్పించి అమ్మిన అంగడివి. అవి పూత మీద కొట్టినవి. బంగళా పళ్లాల మీద ఉన్నది బొంబాయి అంగడి పేరు.

"మీ దాని మీద మద్రాసు పేరుంటే రాహేలమ్మ మాట నిజమే, అక్కా," అన్నాడు.

ఏసమ్మ తన పళ్లెం బోర్లించింది. అదే నీలం కిరీటం. దాని కింద ఎర్ర పెయింటుతో మూడు చుక్కలు. పెండ్లిళ్లకు అరువిచ్చిన గిన్నెలూ పళ్లాలూ ఒకరివి ఒకరిలో కలిసిపోకుండా వీధిలో ప్రతి ఇంటికీ ఒక రంగు గుర్తు ఉంటుంది. మూడు చుక్కలు రాహేలమ్మ ఇంటివి.

ఎలీషా దూదికి స్పిరిటు అద్ది మెల్లగా తుడిచాడు. చుక్కలు పోయాయి. కింద తెల్లటి గరుకు తప్ప ఒక్క అక్షరమూ లేదు. నున్నటి పింగాణీ మీద పెయింటు నిలవదని రాహేలమ్మ చుక్కలు పెట్టే ముందు ఇటుక ముక్కతో ఆ చోటంతా రుద్దింది. రెండో పళ్లెమూ అంతే.

"ఇంట్లో ఉన్నవీ ఇట్లే రుద్దినాదా?"

"అన్నీ. సగం పని చేసి వదిలే మనిషి కాదప్పా మా అత్త."

ఎలీషా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చేసింది ఎవరో తెలుస్తుంది గానీ ఏ అంగడి నుంచి వచ్చిందో ఇక తేలదన్నాడు. టీ తాగి పొమ్మన్నాడు. ఆమె తాగింది.

ఆళ్లగడ్డలో దిగేసరికి పొద్దు వాలింది. ఆదెమ్మ, సరస్వతి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఆదెమ్మ చూపు సంచి మీద పడింది.

"నంద్యాలకు పోయినావంట కదా వదినా. ఏం తేలిందీ?"

ఏసమ్మ సంచి అరుగు మీద దించి, మోకాలు పట్టుకుని నిలబడింది.

"ఏం తేల్లే. నీ పెండ్లిలో చర్చి అయ్యగారికి అన్నం పెట్టింది ఈ పళ్లెంలోనే. మీ అమ్మే మా ఇంటికొచ్చి అడిగి తీస్కపోయింది. ఆ పొద్దు ఇది దొంగది కాలేదా?"