మీరు నా లాగ్‌లో ఉన్నారండీ

సువర్ణకి కోపం వస్తే గిన్నెలు మోగవు. అది లోపలే ఊరుతుంది, ఆవకాయలాగా, ఏడాదిపాటు.

1997 హామ్ రేడియో పోటీలో మొదలైంది ఆ ఊరడం. పగలంతా రేడియోలో ఎంతమందితో మాట్లాడి లాగ్ పుస్తకంలో రాసుకుంటే అన్ని పాయింట్లు. ఒకే మనిషితో రెండుసార్లు మాట్లాడినా లెక్కకి ఒక్కటే. తన మాట అందిందో లేదోనని సువర్ణ రెండోసారి పిలిస్తే, పలివెల ఆసామి రాజేంద్రప్రసాద్ గారు అందరూ వింటుండగా కసిరారు.

"మీరు నా లాగ్‌లో ఉన్నారమ్మా. ఊరికే పిలిచి టైం పాడు చేయకండి."

లేదు. మొదటిసారి రాయడం మరిచారాయన, రెండోసారి పేజీ తిప్పి చూడలేదు. ఆయన పుస్తకంలో లేదని దిద్దేవాళ్లు సువర్ణకి ఆ పాయింటు కొట్టేసి, శిక్షగా మరో మూడు కోశారు. రెండు పాయింట్ల తేడాతో షీల్డు ఆయన ఇంటికి వెళ్లింది.

"రెండోసారి పిలిచినవాళ్లతో వాదించకమ్మా, మళ్లీ రాసేసుకో. ఎక్కువైతే దిద్దేవాళ్లే కొట్టేస్తారు," అని ఆమెకి నేర్పారు గురువు యేసురత్నం మాస్టారు. ఆ పాఠం పలివెల దాకా వెళ్లలేదు కాబోలు.

మరుసటేడు పోటీలో ఆయనే పిలిచారు. రేడియో గురగురలో సువర్ణకి సగమే వినబడింది. మళ్లీ చెప్పమనేలోగా, అయిపోయిందనుకుని తన పుస్తకంలో రాసేసుకుని వెళ్లిపోయారు. పావుగంటకి తిరిగి వచ్చారు.

"సువర్ణగారూ, ఇందాక నేను మీకు అందేనాండీ? మళ్లీ చెప్పమంటారా?"

పుస్తకంలో ఆయన గడి ఖాళీగా ఉంది. రాసుకుంటే ఇద్దరికీ చెరో పాయింటు. సువర్ణ పెన్ను కింద పెట్టి మైకు నొక్కింది.

"ఆయ్, మీరు నా లాగ్‌లో ఉన్నారండీ. ఊరికే పిలిచి టైం పాడు చేయకండి."

ఆ పూట ఆమెకి చప్పటి సొరకాయ కూర కూడా అమృతంలా ఉంది.

అమలాపురంలో ఫలితాలు చదివారు. రాజేంద్రప్రసాద్ గారికి, పోయినేడు సువర్ణకి తెగినట్టే, నాలుగు పాయింట్లు తెగి మూడో స్థానం. సువర్ణ కడుపు చల్లబడింది. ఆమెకీ, ఓడలరేవు స్టీఫెన్‌కీ సమానంగా వచ్చాయి. సమానమైతే షీల్డు సీనియర్‌కే, అంటే స్టీఫెన్‌కి. ఇంకొక్క పాయింటుంటే ఆమెదే. ఎదుటివాడికి అపశకునం కావాలని తన ముక్కు కోసుకున్నట్టయింది.

రాజేంద్రప్రసాద్ గారు వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు.

"పోయినేడు చూసుకోకుండా మిమ్మల్ని కసిరేనండీ, నాదే తప్పు. ఈసారి అలా జరక్కూడదనే రెండోసారి పిలిచేను. ఇంతకీ నేను మీ లాగ్‌లో ఉన్నానాండీ?"

సువర్ణ స్టీఫెన్ చేతిలోని షీల్డు వైపు ఒకసారి చూసింది.

"లేరండీ," అంది. "పోయినేడు నేను మీ దాంట్లో ఎలా లేనో, అలాగే."

ఏడాదిగా దాచుకున్న మాట అది. షీల్డు పోయినా దాన్ని వదులుకోలేకపోయింది.