వదిన పోలీసు వేషం

మా అన్న అమోస్‌కు చెవుడు. ఎవరు పలకరించినా, చెవి మిషను శబ్దం పెంచుకోవడానికి చెయ్యి చొక్కా జేబులోకి పోతుంది. అమెరికాలో, మా జార్జియాలో నల్లవాడి చెయ్యి జేబులోకి పోతే పోలీసుకు తుపాకీయే కనిపిస్తుంది. అందుకని ప్రతి ఆదివారం చర్చికి బయలుదేరే ముందు మా వదిన వెర్లీన్ పోలీసై కారు కిటికీ దగ్గర నిలబడేది.

"చేతులు స్టీరింగు మీద పెట్టు, ముసలోడా!"

అన్న చెయ్యి జేబుకే పోయేది.

"చచ్చావ్! ఇక నీ వాటా బెండకాయ పులుసు కూడా నేనే తింటా."

మొన్న దారిలో నిజంగానే ఆపారు. నేను వెనక సీట్లో ఉన్నాను. కుర్ర పోలీసు తుపాకీ మీద చెయ్యేసుకుని ఏదో అడిగాడు. అన్న చెయ్యి జేబు వైపు లేచింది. వదిన పక్క సీట్లోంచి అన్న తొడ మీద గట్టిగా గిల్లింది. చెయ్యి మళ్లీ స్టీరింగు మీదకు వచ్చింది.

"మా ఆయనకి వినపడదు సార్, నన్నడగండి" అంది వదిన మెల్లగా.

పోలీసు లైసెన్సు చూసి, ఎందుకు ఆపాడో చెప్పకుండానే పొమ్మన్నాడు.

అన్న స్టీరింగు వదల్లేదు. వదిన అతని వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది.

"వాడికి నీలా అరవడం రాదే" అన్నాడు అన్న చివరికి.

"పులుసంతా నీదే పో" అంది వదిన, కళ్లు తుడుచుకుంటూ.